ఊపిరి మాటల గంగులు

దుప్పటి భుజాల దాకా లాక్కో, చిన్నీ. ఆ కిటికీ రెక్క కొంచెం తెరిచే ఉండనీ. గాలి రావాలి. ఈ పూట కథంతా గాలి గురించే.

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికి అరకోసు దూరాన ఒక రాతి కొట్టం. ఊరి పేరు ఎర్రదిబ్బలపల్లె. కొట్టంలో ఉండేది ఇద్దరే. ఒకరు బాలక్క అనే ముసలామె. ఇంకొకరు ఆమె మనవరాలు గంగులమ్మ. అందరూ గంగులు అనేవాళ్ళు. ఆ వైపు నాన్నమ్మని జేజి అంటారు. గంగులుకి తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు, కానీ పెంచిందంతా జేజే.

గంగులు వాళ్ళ నాయన బీరప్పకి మూడొందల గొర్రెలు. వాటికి మేత కావాలి. అందుకని ఆయన మందను తోలుకుని కొండలు దాటి పోయేవాడు. వంట చేసిపెట్టడానికి వాళ్ళమ్మ లచ్చుమక్క కూడా వెంట పోయేది. ఏడాదికి రెండు తూర్లు ఇంటికి వచ్చేవాళ్ళు. దసరాకి పది రోజులు, ఉగాదికి పది రోజులు. ఆ పది రోజులూ కూడా తెల్లారకముందే మందతో పోయి, దీపాలు పెట్టాక వచ్చేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను విను. జేజికి గొంతు లేదు.

పుట్టుకతో లేకపోవడం కాదు. గంగులు పుట్టిన ఏడాది జేజి గొంతులో గడ్డ లేచింది. అన్నం దిగలేదు, ఆ తర్వాత నీళ్ళూ దిగలేదు. బీరప్ప పాతిక గొర్రెల్ని అమ్మి, తల్లిని పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. గడ్డ కోసి తీశారు. ప్రాణం నిలిచింది. కానీ గొంతులోంచి పలుకు పోయింది, ఉత్త గాలి మిగిలింది. అప్పటినుంచి జేజి ఏం చెప్పినా ఊపిరితోనే. పొయ్యి ఊదినట్టు, వేడి పాలు ఊదినట్టు అంత మెల్లగా వచ్చేవి ఆమె మాటలు.

గంగులు ఆ మాటలు విని మాట నేర్చుకుంది. జేజి ఎట్లా మాట్లాడితే తనూ అట్లాగే మాట్లాడింది. రాతి కొట్టం చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు, ఇంకో పిల్ల లేదు. నవ్వితే గట్టిగానే నవ్వేది. మోకాలు గీసుకుంటే గట్టిగానే ఏడ్చేది. మాటొచ్చేసరికి మాత్రం ఊపిరే. ఎప్పుడైనా నాయన కేకలేస్తే, గొంతెత్తి మాట్లాడేది గొర్రెల కోసం కాబోలు అనుకునేది.

ఎంత హాయిగా ఉండేదో ఆ ఇద్దరికీ. పొద్దున్నే జేజి జొన్న రొట్టె తట్టేది. గంగులు పక్కన కూచుని ఊదుగొట్టంతో పొయ్యి ఊదేది. వాన పడితే ఇద్దరూ ఒకటే గొంగడి కప్పుకుని గడపలో కూచునేవాళ్ళు. తడిసిన గొంగడి వాసన ఒకటి ఉండేదిలే, ఇప్పటి పిల్లలకు తెలీదు. ఆ గొంగడి కింద చెవిలో నోరు పెట్టి జేజి చెప్పిన కబుర్లు ఇంకెవరికీ వినపడేవి కాదు.

గంగులుకి ఆరేళ్ళు నిండాయి. ఆ దసరాకి బీరప్ప ఇంటికొచ్చాడు. కూతురు ఎంత పిలిచినా గుసగుసగానే పలకడం చూశాడు. చూసి దిగులు పడ్డాడు.

విజయదశమి నాడు పిల్లని బడిలో వేసి, పోయే ముందు తల్లితో అన్నాడు. "అమ్మా, నేను ఉగాదికి వస్తా. అప్పటికీ పాపకి మాట రాకపోతే నా ఎంట తీసకపోతా. ఈడ నీ దగ్గర ఉంటే మూగదైపోతాది."

జేజి ఏదో చెప్పబోయింది. బీరప్పకి అర్థం కాలేదు. ఊరికే తలూపి మంద వెనకాల పోయాడు.

ఆ బడి ఒక పాత చావడిలో ఉండేది. బెంచీలు లేవు, నాపరాళ్ళ మీదే కూచోవాలి. పలక, బలపం, పలక తుడుచుకోను దొండాకు. అంతే సరంజామా. అయ్యవారి పేరు ఓబులేశు. కళ్ళద్దాలకి ఒక పక్క దారం కట్టుకుని ఉండేవాడు. మంచివాడే కానీ కాస్త ముక్కోపి.

"నీ పేరేంది పాపా?" అని అడిగాడు మొదటి రోజు.

గంగులు చెప్పింది. ఊపిరితో చెప్పింది. అయ్యవారికి "కంకులమ్మ" అని వినపడింది.

పిల్లలందరూ పక్కున నవ్వారు. జొన్నకంకి, జొన్నకంకి అని పేరు పెట్టేశారు.

అదేమిటి, గంగులు కంకులు ఎట్లా అయిందనుకుంటున్నావా? నువ్వూ ఒకసారి గొంతు కదలకుండా, దొంగలా మెల్లగా "గాలి" అను. విన్నావా? "కాలి" లాగా లేదూ? అదీ సంగతి.

మొదట అయ్యవారు కోప్పడ్డాడు. గట్టిగా చెప్పు, గట్టిగా చెప్పు అని గోడకుర్చీ వేయించాడు. గంగులు తొడలు వణికాయి కానీ గొంతు రాలేదు. ఆ తర్వాత మంచిగా చెప్పి చూశాడు. జేబులోంచి బెల్లం ముక్క తీసి, ఒక్క మాట గట్టిగా అంటే ఇస్తానన్నాడు. గంగులు బెల్లం ముక్క వంక చూసి, తన కాళ్ళ వంక చూసుకుని ఊరుకుంది. మూడోసారి ఆయన అడగడం మానేశాడు. పిల్లను చివరి వరసలో కూచోబెట్టి, ఆ వైపు చూడనట్టే ఉన్నాడు.

అప్పుడు గంగులుకి నిజంగా దుఃఖం వచ్చింది. కోప్పడ్డప్పుడు కూడా అంత రాలేదు.

సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. ఒక రోజు అయ్యవారు మాటలు చెప్పి పలకల మీద రాయించాడు. గాలి, బడి, దీపం, జామ. గంగులు ప్రతి మాటనీ నోట్లో ఒకసారి అనుకుని, అప్పుడు రాసింది. అయ్యవారు అందరి పలకలూ దిద్దుకుంటూ వచ్చి, చివరికి గంగులు పలక తీశాడు.

కాలి. పటి. తీపం. చామ.

కోప్పడబోయి ఆగాడు. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దీర్ఘాలు దీర్ఘాల చోటే ఉన్నాయి. తప్పులన్నీ ఒకే దారిన పోతున్నాయి. గ ఉండాల్సిన చోట క, బ ఉండాల్సిన చోట ప.

"పాపా, మీ ఇంట్లో నీతో ఎవరు మాట్లాడతారు?" అని అడిగాడు.

గంగులు పలక మీద రాసి చూపించింది. చేచి.

ఆ సాయంత్రం అయ్యవారు గంగులు వెంట నడుచుకుంటూ రాతి కొట్టానికి వచ్చాడు. జేజి గబగబా అరుగు తుడిచి గొంగడి పరిచింది. వేయించిన శనక్కాయలు చేటలో తెచ్చిపెట్టి, "కూచోండి అయ్యవారూ" అంది, ఊపిరితో.

అయ్యవారు ఆ మాట విన్నాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి పెట్టుకున్నాడు. ఆ తర్వాత గంగులు తల మీద చెయ్యి పెట్టి, "ఈ పిల్లను నేను గోడకుర్చీ వేయించినా బాలక్కా" అన్నాడు.

అప్పుడు ఆయన చేటలోంచి ఒక శనక్కాయ తీసి ఒలిచి, గింజను నలిపాడు. దాని ఎర్రటి పొట్టు ఉంటుంది చూడు, ఉల్లిపొర కన్నా పల్చన. ఆ పొట్టును గంగులు అరచేతిలో పెట్టి, చెయ్యి నోటి ముందు పెట్టుకోమన్నాడు.

"ప అను."

గంగులు "ప" అంది. పొట్టు ఎగిరిపోయింది.

ఇంకో పొట్టు తీసి తన నోటి ముందు పెట్టుకున్నాడు. ఆయన "బ" అన్నాడు. పొట్టు కొంచెం కదిలింది, ఎగరలేదు. అప్పుడు గంగులు వేళ్ళు తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని మళ్ళీ "బ" అన్నాడు. లోపల తుమ్మెద దూరినట్టు జుయ్యిమంది. గంగులు ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. మళ్ళీ తనే పెట్టింది.

"మన గొంతులో రెండు చిన్న రెప్పలుండాయి" అని చెప్పాడు అయ్యవారు. "అవి తెరుచుకోనుంటే ఉత్త ఊపిరి పోతాది. దగ్గరికొచ్చి అదిరితే నాదం పుడతాది. క చ ట త ప అనేటప్పుడు ఊపిరి ఒక్కటే చాలు. గ జ డ ద బ అనాలంటే నాదం కావాల. పాపకి రెప్పలు బాగుండాయి బాలక్కా. నవ్వుతాది, ఏడుస్తాది కదా. మాటకి వాటిని వాడాలని తెలీదు. నువ్వు మాట్లాడేది విని, మాటంటే ఊపిరే అనుకుంది."

తప్పు పట్టాలని ఆయన అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. కానీ జేజి కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యవారు వెళ్ళిపోయేదాకా కొంగు తియ్యలేదు.

మరునాడు పొద్దున జేజి మాట్లాడలేదు.

జేజికి గొంతు నొప్పేమో అనుకుంది గంగులు. మిరియాలు నూరి, నీళ్ళు కాచి ఇచ్చింది. జేజి తాగి, చెయ్యి ఊపి బడి వైపు చూపించింది. అంతే.

రెండో రోజు కూడా మాట్లాడలేదు. జేజి తనమీద అలిగిందేమో అనుకుంది గంగులు. దొడ్డి ఊడ్చింది, పుల్లలు ఏరుకొచ్చింది, తనకు చేతకాకపోయినా రొట్టె తట్టింది. రొట్టె వంకరగా వచ్చి ఒక పక్క మాడింది. జేజి ఆ మాడిన ముక్కే తను తిని, మంచి ముక్క మనవరాలికి పెట్టింది. తల నిమిరింది. పెదవి మాత్రం విప్పలేదు.

మూడో రోజు గంగులు బడికి పోలేదు. కొట్టం అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఊపిరి మాటలైనా మాటలే కదా, అవి లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. జేజి గడపలో కూచుని ఉన్ని వడుకుతోంది. గంగులు పోయి ఎదురుగా కూచుంది. గొంతు మీద వేళ్ళు పెట్టుకుంది.

"చేచీ" అంది. వేళ్ళకి ఏమీ తగల్లేదు.

మళ్ళీ "చేచీ" అంది. మళ్ళీ ఉత్త గాలే. జేజి కళ్ళు దించుకుంది. కదురు తిరుగుతూనే ఉంది.

గంగులుకి ఏడుపొచ్చింది. మూడు రోజులుగా ఆపుకున్న ఏడుపు. ఏడుపుకి గొంతు ఉందిగా మరి. వేళ్ళ కింద తుమ్మెద లేచింది, జుయ్యిమంది. ఆ ఏడుపు ఆగకముందే గంగులు నోరు మాట కోసం కదిలింది.

"జే... జీ."

బొంగురుగా, వంకరగా వచ్చింది. అయినా చ కాదు అది, జ.

కదురు ఆగిపోయింది. జేజి చెయ్యి చాపి మనవరాలి గొంతు మీద పెట్టింది. "జేజీ, జేజీ, మాట్లాడు జేజీ" అని పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆ అదురు జేజి అరచేతికి తగులుతూనే ఉంది.

అప్పుడు జేజి నోరు తెరిచింది. "నా ఊపిరి అంటి నీ నోరు చెడిపోయిందనుకుంటి. నా మాట ఇనకుంటే నీకు గొంతొస్తాదని ఊరకుంటి."

"నీ మాట ఇనకుంటే నేనెవరితో మాట్లాడాల?" అంది గంగులు.

జేజి పిల్లని ఒళ్ళోకి లాక్కుని అట్లాగే కూచుంది, ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా.

ఆ తర్వాత ఏమైందంటే, అయ్యవారు రోజూ బడి వదిలాక గంగులుకి కాసేపు నేర్పించేవాడు. ఇంటికొచ్చి గంగులు జేజి ముందు పొట్టు ఊదుకుంటూ, గొంతు తడుముకుంటూ చెప్పుకునేది. కప్ప, గబ్బిలం. తాత, దాత. కొన్నాళ్ళు మరీ ఎక్కువైపోయింది. నాదం వచ్చిందన్న సంబరంలో కాకిని గాగి అంది, తేలును దేలు అంది. అయ్యవారు నవ్వి నవ్వి కళ్ళద్దాల దారం తెంపుకున్నాడు. మెల్లమెల్లగా రెండూ సర్దుకున్నాయి. బడిలో గొంతుతో మాట్లాడేది. ఇంట్లో జేజితో ఊపిరితో మాట్లాడేది. జొన్నకంకి అన్న పిల్లలే పక్కన కూచోడానికి పోటీ పడ్డారు. ఎందుకంటావా? అయ్యవారికి వినపడకుండా కబుర్లు చెప్పడం ఊళ్ళో దానంత బాగా ఎవరికీ రాదు.

ఉగాది వచ్చింది. ముందు రోజు మధ్యాహ్నం దుమ్ము లేచింది, గొర్రెల మెడగంటలు వినపడ్డాయి. గంగులు పరుగెత్తుకుంటూ ఎదురుపోయింది.

"నాయనా, బాగుండావా?" అంది.

బీరప్ప నిలబడిపోయాడు. లచ్చుమక్క నెత్తిమీద మూట కింద పడేసి పిల్లని ఎత్తుకుంది. ఆ పూట ఆ ఇంట్లో బొబ్బట్లు వండకుండానే పండగైపోయింది.

కానీ పది రోజులూ గడిచి, పయనం అయ్యేముందు బీరప్ప లచ్చుమక్కతో అన్నాడు. "పాప గుడ్డలు కూడా మూట కట్టు."

గంగులు విని గుంజని కరుచుకుంది. "నాకు మాటొచ్చింది కదా నాయనా. మాటొస్తే తీసకపోనంటివి."

బీరప్ప కూతురి ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. ఎప్పుడూ ఎవరితోనూ అనని మాట అన్నాడు. "నీ నోరు బాగైంది పాపా. మీ జేజికే మతి బాగలేదు. చిన్నప్పుడు ఆమె మంచె మీద నిలబడి జొన్నచేలో పిట్టల్ని తోలేది. ఇప్పుడు మనసంతా ఆడికే పోయినట్టుంది. నేను పయనమైన ప్రతి తూరీ గడపలో నిలబడి పిట్ట, పిట్ట అంటాది. ఆరేండ్ల నుంచి ఇదే. అట్లా మనిషి దగ్గర నిన్నెట్లా ఇడిసిపోవాల?"

గంగులు నాయన మొహం చూసింది. గడప దగ్గర నిలబడ్డ జేజి మొహం చూసింది.

"పిట్ట కాదు నాయనా" అంది. "బిడ్డ. జేజికి నాదం లేదు కదా, బ అంటే ప అని వస్తాది, డ అంటే ట అని వస్తాది. నిన్నే పిలుస్తాంది. బిడ్డా, బద్రం అని చెప్తాంది."

బీరప్ప నెత్తిన చుట్టుకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆరేళ్ళు, పన్నెండు పయనాలు. పన్నెండు తూర్లు ఆమె పిలిచింది. పన్నెండు తూర్లూ ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

లేచి తల్లి దగ్గరికి పోయాడు. వంగి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"ఏందమ్మా?"

జేజి పెదాలు కదిలాయి. బీరప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. "కూడు తింటివా?" అని అడిగింది. ఆ మాటకి గంగులు సాయం అవసరం లేకపోయింది.

"లేదమ్మా" అన్నాడు. "ఇంకా తిన్లేదు."

ఆ రోజు పయనం ఆగింది. ఇంకో మూడు రోజులు ఆగింది. గొర్రెలు ఆకలికి అరుస్తున్నా బీరప్ప అరుగు మీద తల్లి పక్కనే కూచున్నాడు. గంగులు మధ్యలో కూచుని శనక్కాయ పొట్టుతో నాయనకి అ ఆలు చెప్పినట్టు చెప్పింది. ఆయనకి ఒక్కో మాటా పట్టుబడుతుంటే జేజి ఆరేళ్ళ కబుర్లూ తీసింది. పాపకి మొదటి పన్ను ఎప్పుడొచ్చిందో, ఏ వానకి గోడ కారిందో, లచ్చుమక్క కాలి నొప్పి తగ్గిందో లేదో.

నాలుగో రోజు మంద కదిలింది. లచ్చుమక్క గంగులు గుడ్డల మూట విప్పి మళ్ళీ చిలక్కొయ్యకి తగిలించింది. బీరప్ప తల్లికి చెప్పి, కూతురికి చెప్పి, కర్ర భుజాన వేసుకుని బయలుదేరాడు. మెడగంటలు, దుమ్ము, కుక్క అరుపులు. మంద పొలం గట్టు దాటింది.

జేజి గడపలో నిలబడి తన మాట తను అంది. కానీ అంత దూరానికి ఊపిరి ఎట్లా చేరుతుంది?

గంగులు జేజి మొహం చూసింది. చూసి, పరుగెత్తుకుంటూ దొడ్డి రాతిగోడ ఎక్కింది. గొంతు నిండా గాలి పట్టుకుని పిలిచింది.

"బిడ్డా... బద్రం బిడ్డా..."

ఆరేళ్ళ పిల్ల. తండ్రిని పట్టుకుని బిడ్డా అని పిలుస్తోంది. గట్టు మీద మనుషులు చూసి నవ్వారు కూడా. బీరప్ప నవ్వలేదు. మంద మధ్యలో వెనక్కి తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని బదులు పలికాడు.

"అట్లే అమ్మా. పోయొస్తా."

ఆ బదులు జేజికి చక్కగా వినపడింది. ఆమె చెవులకేం, అవి ఎప్పుడూ బాగానే ఉన్నాయి.

కంచి దాకా కథ పోయె,
ఇల్లు చేరేసరికి మనకు పొద్దు పోయె.
పెదవి మీద గాలి, గొంతులోన రాగం,
కంటి మీద కునుకు, ఇంక నీదే భాగం.